కుంచె కూలి

బ్రిటన్‌లోనో అమెరికాలోనో పాత ఆటబొమ్మల వేలం జరిగితే, జాబితా చివరి పేజీల్లో ‘కలగలుపు’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టిన అట్టపెట్టెలు కొన్ని కనిపిస్తాయి. మూత తీస్తే ప్లాస్టిక్ మనుషులు. ఎలుగుబంటి బొచ్చు టోపీల లండన్ గార్డులు, పిస్తోలు దూసిన కౌబాయ్‌లు, తలపై ఈకలు కట్టుకున్న రెడ్ ఇండియన్లు, డాలు పట్టిన రోమన్లు, రెండో ప్రపంచయుద్ధపు పదాతిదళాలు, వాళ్ల మధ్య ఏ పొలం బొమ్మల వరుస నుంచో జారిపడిన పాలమనిషి ఒకామె, కాలు విరిగిన గుర్రం. ఇలాంటి పెట్టె చేతికి రాగానే సేకరణ అలవాటున్నవారు ఏరడం మొదలుపెడతారు. అందుకు వాడుకలో ఉన్న దారులు రెండు. మొదటిది కథను బట్టి: మన బొమ్మల కొలువులో మెట్టుకో ఘట్టం అమర్చినట్టు, రోమన్లు ఒక చోట, కౌబాయ్‌లు ఒక చోట. రెండోది కంపెనీని బట్టి: బొమ్మను తిరగేసి అడుగున అచ్చుపడ్డ పేరు చదివి, బ్రిటన్స్ ఒక పక్కకు, టింపో ఒక పక్కకు, మార్క్స్ ఇంకో పక్కకు. రెండూ అయ్యాక ఏ కుప్పలోనూ ఇమడనివి బోలెడు మిగులుతాయి. వాటి అడుగున పేరుండదు, లేదా ఉత్త ‘హాంకాంగ్’ అని ఉంటుంది. ముఖం మీద ఒక చుక్క, టోపీ మీద ఒక చుక్క రంగు, అంతే. వాటిని సంచిలో పోసి కారుచౌకగా వదిలించుకోవడం ఈ వేడుకలో మామూలే.

ఈ రెండు దారులనూ తప్పుపట్టాల్సిన పని లేదు. ఆడుకోవాలనుకునేవారికి మొదటిది, అమ్మాలనుకునేవారికి రెండోది పనికొస్తాయి. పెట్టెలోని చరిత్ర చదవాలనుకునేవారు మాత్రం వీటికంటే ముందు ఇంకో ప్రశ్న అడగాలి: ఈ బొమ్మకు రంగు ఎవరు వేశారు? జవాబులు నాలుగే ఉంటాయి. ఇంగ్లండ్‌లో కూలికి కుంచె పట్టిన మనిషి, హాంకాంగ్‌లో కూలికి కుంచె పట్టిన మనిషి, బొమ్మ కొన్న పిల్లవాడు, ఎవరూ వేయలేదు. సుమారు 1950 నుంచి 1980 దాకా సాగిన ప్లాస్టిక్ సైనికుల వర్తకంలో ఒళ్లు నానాటికీ చౌక అవుతూ వచ్చింది, ఒంటి మీది రంగు మాత్రం ప్రియంగానే ఉండిపోయింది. కంపెనీలు తీసుకున్న పెద్ద నిర్ణయాల్లో చాలావాటికి, అంటే ఏ దేశంలో చేయించాలి, బొమ్మను ఎన్ని ముక్కలుగా పోయాలి, ఏ రంగు ప్లాస్టిక్ గుళికలు (దానా) వాడాలి అన్నవాటికి, ఆ కుంచె కూలే మూలం అని నా వాదన. అలా చూస్తే సంచిలో పోసేసిన పేరులేని బొమ్మలు చరిత్రకు ముఖ్య సాక్షులవుతాయి.

ప్లాస్టిక్ రాకముందు ఈ వర్తకాన్ని సీసం ఏలింది. 1893లో విలియం బ్రిటన్ జూనియర్ లండన్‌లో డొల్లపోత పద్ధతి కనిపెట్టాడు. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచుల వెంట పలచగా గట్టిపడగానే మిగతాది బయటికి ఒంపేస్తారు. లోపల బోలుగా ఉండే ఆ సైనికుడికి లోహం తక్కువ పడుతుంది, కాబట్టి జర్మనీ నుంచి వచ్చే నిండు సీసపు బొమ్మల కంటే చవగ్గా అమ్మవచ్చు. దాదాపు 54 మిల్లీమీటర్ల ఎత్తు అప్పుడు స్థిరపడిందే. తర్వాత వచ్చిన ప్లాస్టిక్ బొమ్మల్లో చాలావాటికీ అదే కొలత దిగింది. బ్రిటన్స్ ఎర్ర పెట్టెల్లో సామ్రాజ్యపు పటాలాలన్నీ వరుస కట్టాయి, మొదటి మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ సహా. మద్రాసు సైన్యంలో తెలుగు జిల్లాల సిపాయిలు ఎందరుండేవారో తెలిసినవారికి, లండన్ దుకాణాల్లో మనవాళ్లు సీసపు ముద్దలుగా అమ్ముడుపోయారన్నది ఒక విచిత్రం. ఆ ముద్దలకు బొత్తాలు, పట్టీలు, మీసాలు దిద్దినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. లోహం మిగిల్చిన ఆదా పుణ్యమా అని, రెండో ప్రపంచయుద్ధం దాకా వాళ్ల కూలి వర్తకానికి భారమనిపించలేదు.

సీసాన్ని దించిన పదార్థం ఎవరూ కోరి తయారుచేసింది కాదు. 1933లో చెషైర్‌లోని వినింగ్టన్‌లో ఐసీఐ కంపెనీ రసాయనజ్ఞులు రెజినాల్డ్ గిబ్సన్, ఎరిక్ ఫాసెట్ అధిక పీడనం మీద వాయువులతో వేరే ప్రయోగం చేస్తుంటే పాత్ర అడుగున మైనంలాంటి తెల్లటి పదార్థం తేలింది. అదే పాలిథిన్. 1939లో దాని ఉత్పత్తి మొదలయ్యేసరికి యుద్ధం వచ్చిపడింది. విద్యుత్తును తన గుండా పోనీయని గుణం ఉండడంతో రాడార్ తీగల తొడుగులకు వాడారు. యుద్ధం ముగిశాక ఆ పదార్థానికి కొత్త గిరాకీ వెతకాల్సి వచ్చింది. బకెట్లు, గిన్నెలు, బొమ్మలు అలా పుట్టుకొచ్చాయి. పిల్లవాడు నోట్లో పెట్టుకున్నా విషం కాదు, నేలకేసి కొట్టినా విరగదు. అమ్మకానికి ఈ రెండు మాటలూ చాలు. బ్రిటన్స్ 1966లో డొల్లపోతను పూర్తిగా ఆపేసింది.

అయితే పాలిథిన్‌కు ఒక పాడు గుణం ఉంది, ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. దాని మీద రంగు నిలవదు. మైనపు తత్వం కలిగిన పైపొర ఎనామెల్‌ను పట్టుకోదు. వంచితే రంగు పెచ్చులుగా లేస్తుంది, రుద్దితే రాలుతుంది. ఇక పోత ఖర్చు చూడండి. ఉక్కు అచ్చు చేయించడానికి బోలెడు డబ్బు, నెలల పని కావాలి. ఒకసారి యంత్రానికి బిగించాక మాత్రం కరిగిన దానాను లోపలికి నెట్టి, చల్లబరిచి, తీసి పడేయడం కొద్ది సెకన్ల పని. అచ్చు ఖర్చు లక్షల బొమ్మల మీద పంచుకుపోతుంది, దానా ఖర్చు చిల్లరపైసలు. కుంచె దగ్గర అలాంటి పంపకం ఏదీ లేదు. పదివేల బొమ్మలకు రంగు వేయాలంటే మొదటి బొమ్మకు పట్టినంత సేపే పదివేలో బొమ్మకూ పడుతుంది. సీసం రోజుల్లో లోహం ఖర్చు చాటున దాగిన కూలి, ప్లాస్టిక్ వచ్చాక ఖాతాలో అన్నిటికంటే పైకి తేలింది. పైగా అంత కూలి ఇచ్చి వేయించిన రంగు నెల తిరక్కుండా రాలిపోతుంది.

ఈ చిక్కుకు వర్తకులు కనుక్కున్న మొదటి విరుగుడు భూగోళంలో దొరికింది. దానికి తిరుగులేని సాక్ష్యం హెరాల్డ్ బొమ్మలు. రాయ్ సెల్విన్-స్మిత్ అనే శిల్పి 1950ల తొలినాళ్లలో జాంగ్ సంస్థ కోసం చెక్కిన పాలిథిన్ సైనికులు ఇవి. అంతదాకా బొమ్మ సైనికుల్లో కనిపించని ఒడుపు, నడకలో బరువు, బట్టల ముడతలు వీటిలో ఉన్నాయి. పోటీ పడడం కంటే కలుపుకోవడం మేలనుకుని బ్రిటన్స్ 1950ల మధ్యలోనే ఆ సంస్థలో చేయి పెట్టింది. దశాబ్దం తిరిగాక, 1960ల మధ్యలో, హెరాల్డ్ తయారీని హాంకాంగ్‌కు తరలించింది. ఏరేవారికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. శిల్పి ఒకడే, నమూనా ఒకటే, కంపెనీ ఒకటే. ఇంగ్లండ్ ముద్ర ఉన్న స్కాట్లండ్ హైలాండ్ సైనికుణ్ణి, హాంకాంగ్ ముద్ర ఉన్న అదే సైనికుణ్ణి పక్కపక్కన నిలబెడితే భంగిమలో తేడా ఉండదు. ప్లాస్టిక్ ఛాయలో కొంత తేడా ఉంటుంది, అసలు తేడా మాత్రం కుంచెది. కంపెనీని బట్టి ఏరితే ఈ రెండూ ఒకే కుప్పలో పడతాయి, కథను బట్టి ఏరినా అంతే. సముద్రాలు దాటిన కారణం రంగును బట్టి ఏరినప్పుడే కళ్లకు కడుతుంది.

హాంకాంగే ఎందుకు అన్నదానికి జవాబు చైనా సరిహద్దులో ఉంది. 1949 తర్వాత చైనా నుంచి లక్షల మంది శరణార్థులు ఆ చిన్న బ్రిటిష్ వలసకు చేరుకున్నారు. వారిలో షాంఘై పెట్టుబడిదారులూ ఉన్నారు, కట్టుబట్టలతో వచ్చినవారూ ఉన్నారు. కొరియా యుద్ధంలో, 1951లో, ఐక్యరాజ్యసమితి చైనా మీద ఆంక్షలు విధించడంతో సరుకు చేతులు మార్చే పాత రేవు వ్యాపారం కుదేలైంది. అటు పనికోసం చూసే జనం, ఇటు దారి వెతుక్కునే పెట్టుబడి. ఫ్యాక్టరీలు మొలిచాయి, వాటిలో ప్లాస్టిక్‌వి ముందు వరుసలో నిలిచాయి. తర్వాత ఆసియాలోనే పెద్ద ధనవంతుల్లో ఒకడైన లీ కా-షింగ్ 1950లో మొదలుపెట్టిన వ్యాపారం కూడా ప్లాస్టిక్ సామాన్లదే. ప్లాస్టిక్ పూలతో పేరు తెచ్చుకున్నాడు. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే గుడిసెలు తగలబడి యాభై వేల మందికి పైగా నిలువనీడ లేనివారయ్యాక, ప్రభుత్వం పునరావాస భవనాలు కట్టడం మొదలుపెట్టింది. అలాంటి ఇరుకు గదుల్లో తల్లులు, అవ్వలు, బడి నుంచి వచ్చిన పిల్లలు ఫ్యాక్టరీ పంపిన ప్లాస్టిక్ ముక్కలను అతికించి, రంగులు దిద్ది, ముక్కకు ఇంత చొప్పున డబ్బు తీసుకునేవారు. ఆ కూలి ఎంత బిగుతుగా ఉండేదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు: 1967లో హాంకాంగ్‌ను నెలల తరబడి కుదిపేసిన అల్లర్లు శాన్ పో కాంగ్‌లోని ఒక ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీ కార్మిక వివాదంతో రాజుకున్నాయి.

పేరులేని బొమ్మల సంచిని ఇప్పుడు విప్పవచ్చు. వాటిలో పెద్ద భాగం నకళ్లు. హెరాల్డ్, టింపో, బ్రిటన్స్ బొమ్మలను కొని తెచ్చి, వాటి మీదనే కొత్త అచ్చు తీసి పోసినవి. సేకరించేవారికి వీటి మీద చిన్నచూపు ఉండడానికి అదే కారణం. ఆ చిన్నచూపుతో నాకు పేచీ లేదు, వస్తువుగా చూస్తే చాలావరకు అవి నాసిరకమే. సాక్ష్యంగా చూస్తే మాత్రం అవి అసలు బొమ్మల కంటే ఎక్కువ మాట్లాడతాయి. పాలిథిన్ చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, నూటికి సుమారు రెండు పాళ్లు. అసలు అచ్చు చెక్కేవాడు ఆ ముడుత లెక్కగట్టి కొంచెం పెద్దగా చెక్కుతాడు. ముడుచుకున్న బొమ్మ నుంచి నేరుగా అచ్చు తీసేవాడు ఆ లెక్క వేసుకోకపోతే అతని 54 మిల్లీమీటర్ల సైనికుడు 53కు దిగుతాడు. ఆ నకలుకు నకలు తీస్తే 52. ప్రతి మెట్టులోనూ బొత్తాలు చదునైపోతాయి, ముక్కు కరిగిపోతుంది, చొక్కా ముడతలు మాయమవుతాయి. వీటిని ఎత్తు వరుసలో నిలబెడితే నకలు ఎన్ని చేతులు మారిందో తేటతెల్లమవుతుంది. దానా మిగలాలని కావాలనే చిన్నవిగా పోసినవీ ఉన్నాయి కాబట్టి ఎత్తు ఒక్కటే చాలదు, ముక్కు, బొత్తాలు కూడా చూడాలి. కుంచె లెక్క ఇంకా స్పష్టం. అసలు బొమ్మకు ఎనిమిది పది చోట్ల రంగు ఉంటే, నకలుకు మూడు నాలుగు చోట్లే. ముఖానికి ఒక అద్దకం, టోపీకి ఒకటి, తుపాకీకి ఒకటి. గీత దాటి చెంపమీదికి పోయినా ఎవరూ తుడవలేదు. ముక్కకు ఇంత అని కూలి కట్టిన చోట చేయి ఎంత వేగంగా కదలాలో ఆ తప్పిన గీతే చెబుతుంది.

అడుగున ఉండే ముద్ర సంగతి కూడా ఇక్కడే చూడాలి. 1890లో అమెరికా తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలంది. అందుకే పేరులేని బొమ్మ మీద సైతం ‘హాంకాంగ్’ అని ఉంటుంది. కంపెనీకి తన పేరు చెప్పుకోవడం ఇష్టం లేకపోయినా ఊరి పేరు చెప్పక తప్పలేదు. బ్రిటన్‌కు వెళ్లే సరుకు మీద కొన్నిసార్లు ‘ఎంపైర్ మేడ్’ అని వేసేవారు. సామ్రాజ్యంలో ఎక్కడో చేశారని దాని భావం. ఎక్కడో అన్నది కొనేవాడి ఊహకు వదిలేసిన తెలివి అది.

రెండో విరుగుడు కుంచెను అసలు ముట్టుకోకపోవడం. అమెరికాలో లూయీ మార్క్స్ ఆ దారి పట్టాడు. 1955లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికెక్కిన ఈ బొమ్మల రారాజు, కోటలు, గుడారాలు, గుర్రాలు, సైనికులు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి సియర్స్ లాంటి దుకాణాల ద్వారా అమ్మాడు. ఫోర్ట్ అపాచీ వాటిలో పేరుమోసింది. అందులోని సైనికులు సాధారణంగా ఒంటిరంగు ప్లాస్టిక్‌వి. ఎవరు ఏ పక్షమో ఆ రంగే చెప్పాలి. అమెరికా అంతర్యుద్ధం పెట్టెలో ఉత్తరాది వాళ్లు నీలం, దక్షిణాది వాళ్లు బూడిదరంగు. సంఖ్య కోసం నాణ్యతను బలిచ్చాడని అంటారు గానీ, మార్క్స్ బొమ్మల చెక్కడం చూస్తే ఆ మాట నిలవదు. ఖర్చును ఉక్కులో పెట్టాడు, కుంచెలో తీసేశాడు. అదే మార్క్స్‌కు 1960ల తొలినాళ్లలో డిస్నీకిన్స్ అనే చిట్టి బొమ్మలకు రంగులు తప్పనిసరయ్యాయి, మిక్కీకి మిక్కీ రంగులుండాలి కదా. అప్పుడు అతను వెళ్లింది హాంకాంగ్‌కే. పెన్సిల్వేనియాలో, వెస్ట్ వర్జీనియాలో సొంత ఫ్యాక్టరీలున్న మనిషి కుంచె పని కోసం పసిఫిక్ దాటాడు. నా వాదనకు హెరాల్డ్ తర్వాత అంతటి బలమైన ఆధారం ఇదే. ఆకుపచ్చ ప్లాస్టిక్ సైనికులు అంటే ఇప్పటికీ అందరికీ గుర్తుకొచ్చే రూపం, 1995లో టాయ్ స్టోరీ సినిమా తెరకెక్కించిన రూపం, ఈ కుంచె తాకని సంతతిలోదే.

ఎయిర్‌ఫిక్స్ చేసిన పని ఇంకా గడుసుది. హంగరీ నుంచి వచ్చిన నికొలస్ కోవ్ 1939లో పెట్టిన ఈ బ్రిటిష్ కంపెనీ, గాలి నింపిన రబ్బరు బొమ్మలతో మొదలై విమానాల కిట్లతో పేరు తెచ్చుకుంది. 1959లో అంగుళం కూడా లేని సైనికుల పెట్టెలు విడుదల చేయడం మొదలుపెట్టింది. మొదటిది గార్డుల బ్యాండు మేళం. రంగు లేదు. పెట్టె మీది బొమ్మలో మాత్రం నిండు రంగులు. వాటిని చూసి పిల్లవాడే కుంచె కొనుక్కోవాలి, చిట్టి డబ్బాల్లో రంగులు కొనుక్కోవాలి, రాత్రి దీపం కింద కూర్చుని బొత్తాలు దిద్దుకోవాలి. కూలి ఇవ్వాల్సిన పనిని వినోదంగా మార్చి కొనేవాడికే అమ్మడం అన్నమాట. డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో తన యుద్ధక్రీడల పుస్తకం వెలువరించాక, బల్ల మీద వాటర్లూ ఆడే పెద్దవాళ్లకూ చవకైన సేనలు ఈ పెట్టెల్లోనే దొరికాయి. పాలిథిన్ మీద రంగు నిలవని బాధ ఇప్పుడు వాళ్ల నెత్తిన పడింది. సబ్బుతో కడగాలని, జిగురు పూతేసి దాని మీద రంగు వేయాలని ఒకరికొకరు చెప్పుకునేవారు. అందుకే కలగలుపు పెట్టెలో దొరికే రంగు వేసిన ఎయిర్‌ఫిక్స్ బొమ్మ చాలామంది అనుకున్నట్టు ‘పాడైన’ సరుకు కాదు. అది నాలుగు రకాల కుంచెల్లో ఒకటి.

మూడో విరుగుడులో యంత్రానికే రంగు బాధ్యత అప్పగించారు. 1950ల చివర బ్రిటన్స్ తెచ్చిన స్వాపెట్స్ వరుసలో, సెల్విన్-స్మిత్ చేతి పనే అదీ, తల, మొండెం, కాళ్లు, నడుంపట్టీ, కత్తి విడివిడిగా వేరే వేరే రంగుల ప్లాస్టిక్‌లో పోసి ఒకదానిలో ఒకటి దిగ్గొట్టారు. పిల్లలకు తలలు మార్చి ఆడుకునే సరదా. కంపెనీకి ముఖం తప్ప మిగతాచోట్ల కుంచె పని తగ్గుదల. రెండు ముక్కల అచ్చు వల్ల సైనికులంతా అప్పడాల్లా చదునుగా నిలబడాల్సిన ఇబ్బంది కూడా దీనితో తీరింది. తుపాకీ ఒంటికి అడ్డంగా కాక ముందుకు చాచగలిగారు. 1938 ప్రాంతంలో జర్మనీ నుంచి శరణార్థిగా వచ్చిన వ్యాపారి నెలకొల్పిన టింపో ఇంకో అడుగు ముందుకేసి, ఒకే అచ్చులో ఒక రంగు దానా తర్వాత ఇంకో రంగు దానా నెట్టి, చొక్కా మీది పట్టీలను కూడా పోతలోనే తెచ్చింది. టింపో కౌబాయ్‌ను గోటితో గీకి చూడండి, రంగు రాదు, గీకడానికి రంగే లేదు. 1960ల నడుమ నుంచి ఈ పద్ధతి మీద ఆ కంపెనీ పెద్ద వ్యాపారం చేసి, 1980 వచ్చేసరికి కనుమరుగైంది. నాకు ఈ మూడు విరుగుళ్లలో ఇదే అన్నిటికంటే ఒడుపైనదిగా తోస్తుంది. వేలంలో దీనికి పలికే ధర నా అభిప్రాయాన్ని అన్నిసార్లూ బలపరచదు.

అభ్యంతరాలు లేకపోలేదు. కౌబాయ్‌లు పోయి రాకెట్లు రావడానికి, సైనికులు మూలపడడానికి కారణం పిల్లల మోజు మారడం, టీవీ, వియత్నాం యుద్ధం మీద విరక్తి. కూలి లెక్కలతో ఏం పని అని అడగవచ్చు. మోజు మారిన మాట నిజం. కానీ ఏ వేషం అమ్ముడవుతుందో మోజు చెబుతుంది, ఆ వేషాన్ని ఎక్కడ ఎలా చేయాలో చెప్పదు. సైనికులను మూలకు నెట్టిన స్టార్ వార్స్ బొమ్మలను కెన్నర్ కంపెనీ 1978లో దింపింది. వాటి కాలి వెనక చదివితే తొలి బొమ్మల మీద ఎక్కువగా కనిపించే పేరు హాంకాంగే. కథ భూమి దాటి అంతరిక్షానికి వెళ్లింది, కుంచె మాత్రం ఉన్నచోటే ఉంది. అక్కడి నుంచి కదిలింది అక్కడ కూలి పెరిగాకే. 1980లో సరిహద్దుకు అటువైపు షెంజెన్ ప్రత్యేక ఆర్థిక మండలి అయ్యాక ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే నది దాటాయి. బొమ్మల అడుగున ‘చైనా’ అని పడసాగింది. ఇక 1971లో బ్రిటన్స్ తెచ్చిన డీటైల్ వరుసను ఎవరైనా నాకు ఎదురు చూపితే కొంత ఒప్పుకోవాలి. లోహపు పీఠం మీద నిలబడ్డ ఆ సైనికులకు రంగులున్నాయి, అడుగున ఇంగ్లండ్ ముద్రే ఉంది. కూలి ఒక్కటే అన్నిటినీ శాసించి ఉంటే అవి పుట్టకూడదు. అయినా నిశితంగా చూస్తే, అమెరికా అశ్వికుడి నీలం చాలావరకు ప్లాస్టిక్ నీలమే. కుంచె ముఖానికీ పట్టీలకూ పరిమితమైంది. ఇంగ్లండ్ కుంచె పూర్తిగా పోలేదు, దాని పని కుదించుకుపోయింది అనడం సబబు.

రసాయనశాస్త్రం తెలిసినవారు ఇంకో మాట అంటారు: రంగు రాలిపోయే పదార్థం మీద రంగును బట్టి ఏరడం ఏం తెలివి? పిల్లలు మళ్లీ రంగులు పూసి ఉండవచ్చు. పాత ఉక్కు అచ్చులు చేతులు మారి, మార్క్స్ సైనికులు 1990ల్లో కొత్తగా పోతకొచ్చారు. ఇందులో న్యాయం ఉంది. అందుకే రంగు ప్రశ్న ముందు అడిగినా, జవాబును పదార్థంతో సరిచూసుకోవాలి. రంగు ఎంత రాలినా చంకలో, మెడ కింద, బెల్టు మడతలో మరక మిగులుతుంది. ఇంటి ఎనామెల్ మందంగా మడతలను పూడ్చేస్తుంది, ఫ్యాక్టరీ రంగు పలచగా పైపైన ఉంటుంది. రంగు వేయని బొమ్మను నీళ్లలో వేయడం తేలిక పరీక్ష: పాలిథిన్ తేలుతుంది, పాలీస్టైరీన్, పీవీసీ మునుగుతాయి. పాత పాలిథిన్ ఎండకు పెళుసెక్కి ఉంటుంది కాబట్టి వంచి చూడడం మాత్రం వద్దు, తుపాకీ చేతికొస్తుంది. కొత్తపోత బొమ్మకు ప్లాస్టిక్ ఛాయ, మెరుపు, ఒక్కోసారి చెరిపేసిన కంపెనీ ముద్ర తాలూకు చదును పట్టిస్తాయి. అచ్చు పాతదైనా పోత కొత్తదని తేలితే ఆ బొమ్మ 1955 గురించి సగం సాక్ష్యమే చెబుతుంది. శిల్పం గురించి చెబుతుంది, కుంచె గురించి చెప్పదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం అసలు ఏరడం మీదే. కలగలుపు పెట్టె ఎవరో ఒక పిల్లవాడి ఐదారేళ్ల కొనుగోళ్లు పోగుపడిన ఆధారం. హెరాల్డ్ గార్డు పక్కన హాంకాంగ్ నకలు, దాని పక్కన కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలో ఉచితంగా వచ్చిన బొమ్మ ఉండడమే ఆ ఇంటి సంగతి చెబుతుంది, విడదీస్తే అది పోతుంది అంటారు. పెట్టె ఒకే ఇంటి నుంచి వచ్చిందని తెలిస్తే ఈ మాటకు నేను తలవంచుతాను. వేలంలో దొరికేవాటిలో చాలావరకు వ్యాపారి నాలుగిళ్ల సరుకు కలిపి పోసినవి. తేడా తెలియనప్పుడు చేయగలిగింది, ముట్టుకోకముందే పెట్టెను పొరపొరగా ఫొటో తీసి, నాలుగు కుంచెల్లో దేనివి ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకోవడం. ఇంగ్లండ్ రంగువి పది, హాంకాంగ్‌వి నూట యాభై ఉన్న పెట్టె, ఆ రెండూ సగంసగం ఉన్న పెట్టె ఒకే రకం చేతిఖర్చు డబ్బుతో నిండి ఉండవు. ఆ కాగితం పెట్టెలోనే పెట్టాక, బొమ్మలను మళ్లీ కలిపి పోసినా నాలుగు అరల్లో సర్దినా ఆధారం చెడదు. మెత్తటి పీవీసీ బొమ్మలను మాత్రం పాలీస్టైరీన్ వాటికి తగలకుండా కాగితంలో చుట్టి వేరుగా ఉంచాలి. లేకపోతే మెత్తదనం కోసం కలిపిన నూనె బయటికి ఊరి రెండింటినీ అంటించేస్తుంది.